అమాస ఆయిలు

మొండయ్య బతుకు దారి మళ్లింది ఒక్క అబద్ధంతో. దాన్ని చెప్పినవాడు లింగమూర్తి. చెప్పిన చోటు కరీంనగర్‌లో లైసెన్సులిచ్చే ఆఫీసు వరండా.

సుల్తానాబాద్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరికి లక్ష్మీకాంతరావు దొర. రాజ్యం మారింది, నిజాం పోయాడు, భూముల చట్టాలు వస్తున్నాయని పేపర్లు రాశాయి. చట్టం గడి మెట్లెక్కేలోపల దొర కొంత చెలక అమ్మేసి, హైదరాబాదులో మిలిటరీ వాళ్లు వేలం వేసిన పికప్పు బండి ఒకటి కొన్నాడు. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే గది, వెనక బస్తాలు వేసుకునే తొట్టి. దానితో వచ్చిన పటాలం మెకానిక్కు పదిహేను రోజులు గడిలో ఉండి ఎవరికైనా పని నేర్పి పోవాలని మాట. బావి మీది ఆయిలింజను చూసుకునే మొండయ్యను అతనికి అప్పగించారు. పదిహేను రోజుల్లో మొండయ్య బండిని నడపడం నేర్చుకున్నాడు, విప్పడం నేర్చుకున్నాడు, బిగించడం నేర్చుకున్నాడు. సంతకం మాత్రం నేర్చుకోలేదు. అది నేర్పేవాళ్లు ఆ ఊళ్లో అతనికి ఎన్నడూ తారసపడలేదు.

లింగమూర్తి గడి గుమాస్తా కొడుకు. నాలుగు తరగతులు ఉర్దూలో, రెండు తెలుగులో చదివాడు. మొండయ్యకు లైసెన్సు దరఖాస్తు నింపమని దొర అతన్ని వెంట పంపాడు. లింగమూర్తి ఆఫీసు లోపలికి వెళ్లి కాగితం తెచ్చాడు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ మొండయ్య దగ్గరికి వచ్చి, "చదువు రానోళ్లకు ఇయ్యరంటున్నరు మొండన్నా" అన్నాడు.

లోపల ఎవరూ ఆ మాట అనలేదు. కాగితం ఇచ్చినవాడు తలెత్తి కూడా చూడలేదు.

"మరెట్ల తమ్మీ?"

"ఇగ దొరనే చెప్పాలె."

దొర ఎక్కువసేపు ఆలోచించలేదు. "నువ్వే నేర్సుకోరా, చదువుకున్నవు గద. మొండిగాడు నేర్పుతడు" అన్నాడు. తన సీటు గుంజుకునేవాడికి మొండయ్య తానే నెల రోజులు బండి నేర్పాడు. క్లచ్చి ఎంత నొక్కాలో చెప్పడానికి మాటలు దొరక్కపోతే లింగమూర్తి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి చూపాడు. పంతొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలానికి లింగమూర్తికి లైసెన్సు వచ్చింది, రెండు ఖాకీ చొక్కాలు వచ్చాయి. మొండయ్యకు బండి కింద చోటు మిగిలింది.

ఏడాది తిరక్కముందే పెద్దపల్లి అంగట్లో ఒక లారీ డ్రైవరు తన లైసెన్సు తీసి మొండయ్యకు చూపించాడు. సంతకం ఉండాల్సిన చోట నల్లటి వేలిముద్ర ఉంది. లింగమూర్తి పక్కనే ఉన్నాడు. మొండయ్య ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. పోయి బండి తొట్టిలో బస్తాల మీద కూర్చున్నాడు. ఆ రోజు అంగట్లో నలుగురి ముందు తిట్టి ఉంటే, కాలర్ పట్టుకుని ఉంటే, లింగమూర్తికి ఆ పీడ అక్కడితో వదిలేది.

ఒకడు సీటు మీద, ఒకడు బండి కింద. ఎవరు ఎవరిని చూసి ఏడవాలో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. కాని పదేళ్లు లోలోపల ఉడికి చచ్చింది సీటు మీది మనిషి.

అది అమావాస్యనాడు మొదలైంది, అమావాస్య అమావాస్యకు పెరిగింది.

ఆ వైపు ఊళ్లలో అమాసనాడు ఎడ్లను కట్టరు. బండ్లు ఇంటి ముందు కాడి దించి ఉంటాయి. ఎడ్లకు లేని పని ఇంజనుకు ఎందుకని మొండయ్య ఆ రోజే పికప్పుకు కూడా సెలవు ఇచ్చాడు. నెలకొకసారి దాని ఆయిలు మార్చడం, గ్రీజు కొట్టడం, బ్యాటరీలో నీళ్లు పోయడం, చక్రాలు ముందువి వెనక్కూ వెనకవి ముందుకూ మార్చడం అన్నీ ఆనాడే. గడి ముందు ఆయిలు మరకలు పడితే దొరకు పడదు. అందుకని మొండయ్య తన ఇంటి వాకిట్లోనే నడుములోతు గుంత తవ్వి, బండి నిలిచేలా రెండు పక్కలా రాళ్లు పేర్చుకున్నాడు. తొలకరి దాటాక పడే వానను కడిగిన ధోవతిలో వడకట్టి సీసాల్లో దాచేవాడు, బ్యాటరీ కోసం. ఆ సీసాలను అతని భార్య శంకరవ్వ ఇంట్లో పచ్చళ్ల పక్కన పెట్టేది, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

ఇంజనులోంచి దించిన నల్లటి ఆయిలును మొదట్లో పారబోసేవాడు. ఒక అమాసనాడు బండ్ల వెంకటి అది చూసి, "గిది మా ఇరుసులకు పనికిరాదా మొండన్నా" అని అడిగాడు. అప్పటిదాకా బండ్లవాళ్లు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసుకునేవాళ్లు. ఆముదం కొనాలి, ఇది ఊరికే. మరుసటి అమాసకు ముగ్గురు వచ్చారు. ఏడాదికల్లా పొద్దు పొడిచేసరికి మొండయ్య వాకిలి వెదురు గొట్టాలు చేతబట్టుకున్న మనుషులతో నిండిపోయేది.

లింగమూర్తి ఆ ఉదయం బండిని తెచ్చి గుంత మీద నిలిపి, తాళంచెవి మొండయ్య చేతికిచ్చి పక్కకు తప్పుకోవాలి. శంకరవ్వ పీట వేసేది. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా నలగకుండా దాని మీద కూర్చునేవాడు. అతని వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు.

"ఏం మొండన్నా, నీ బర్రె ఈ తాప ఎన్ని శేర్లిస్తది?" అని ఒకడు.

"పిండేటోని చేతులుంటది బిడ్డా" అని గుంతలోంచి మొండయ్య.

"లింగమూర్తన్నా, జర అటు జరుగు. కింద చెయ్యిపెట్టినాయనకు నీ నీడ పడుతున్నది" అని ఇంకో బండివాడు రాయమల్లు.

అందరూ నవ్వారు. అది అరవై మూడు నాటి మాట. లింగమూర్తికి ఏ రోజు ఏ చోట నిలబడి ఉండగా అన్నాడో నాలుగేళ్ల తర్వాత కూడా గుర్తే.

అన్నిటికన్నా అతన్ని కాల్చింది ఇంకొకటి. నట్టు విప్పి ఆయిలు దిగేటప్పుడు మొండయ్య బొటనవేలికీ చూపుడువేలికీ దాన్ని రాసుకుని నలిపేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత మెల్లగా, తిట్టినట్టు కాకుండా, రోగి కొడుకుతో మాట్లాడే నాటువైద్యుడిలా అనేవాడు: "ఈ నెల రెండో గేరుల శాన గుంజినవు తమ్మీ. నిదానమైతే ఏం పోయింది." నెలంతా లింగమూర్తి ఏ దారిన ఎలా తోలాడో ఆ రెండు వేళ్లకు తెలిసిపోయేది. ఇరవై మంది ముందు అతని నెల బతుకంతా అలా బయటపడేది. తర్వాత ఆ వేళ్లనే మొండయ్య గడ్డిపరకకు తుడుచుకుని, వచ్చినవాళ్ల గొట్టాల్లో ఒక్కొక్కదానిలో పోసేవాడు. చాలకపోతే, "మీరు వచ్చే అమాసకు మొదలు రాండ్రి" అనేవాడు. వట్టి గొట్టంతో తిరిగిపోయేవాడు కూడా నవ్వుతూ పోయేవాడు.

దొర బండిలో దొర పక్కన కూర్చుని కరీంనగర్ దాకా పోయి వచ్చే మనిషి లింగమూర్తి. దారిలో ఊళ్లవాళ్లు దండం పెడితే అది దొరకో, బండికో. తనకోసం ఒక్కడు, వట్టి చేతులతోనైనా, పొద్దున్నే లేచి ఎప్పుడైనా వచ్చాడా? సీటు అతనిది, లైసెన్సు అతనిది. బండి మాత్రం మొండయ్యది. ఊరు పికప్పును "మొండన్న బండి" అనేది.

అరవై ఏడులో అతనికి దారి దొరికింది. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి సీటు కింద ఎలుకలు కొరికి పడి ఉంది. బొమ్మలున్నాయి, అంకెలున్నాయి. సుల్తానాబాద్ పంతులొకాయన దగ్గర కూర్చుని నాలుగు పేజీలు చదివించుకున్నాడు. అది పట్టుకుని దొర దగ్గరికి పోయాడు.

"ఆయిలు మార్చుడుకు ఈ పుస్తకంల మైళ్ల లెక్క ఉన్నది దొరా. అమాస లెక్క యాడ లేదు."

దొర కళ్లజోడు పెట్టుకుని బొమ్మలు చూశాడు. అచ్చులో ఉన్నదంటే, అందులోనూ ఇంగ్లీషులో ఉన్నదంటే, గడిలో దానికి మర్యాద ఎక్కువ. "అయితే ఇగ నువ్వే చూస్కో. మొండిగాణ్ణి బావికాడ ఉండమను" అన్నాడు.

లింగమూర్తి పానాలూ గ్రీజు పంపూ అడగడానికి వెళ్తే మొండయ్య అన్నీ సంచిలో వేసి ఇచ్చాడు. వానసీసాలు కూడా ఇచ్చాడు. "ఇంజను వెచ్చ చేసినంకనే నట్టు ఇప్పు" అన్నాడు. అంతే.

పుస్తకం లెక్కన ఆయిలు మార్చడానికి ఇంకా మూడు వందల మైళ్లు ఉంది. అయినా లింగమూర్తి అమావాస్యనాడే పెట్టుకున్నాడు. అమావాస్య కాకపోతే బండ్లవాళ్లు రారు మరి. నాలుగు రోజుల ముందునుంచే ఎదురుపడ్డవాడికల్లా చెప్పాడు: "ఈ అమాస మా ఇంటికాడ." తన వాకిట్లో కూలివాళ్లను పెట్టి గుంత తవ్వించాడు.

వచ్చారు. మొండయ్య వాకిట్లో ఎన్నడూ లేనంత మంది వచ్చారు. కొత్త ముచ్చట చూడాలని కొందరు, గొట్టాలతో కొందరు. లింగమూర్తి ఖాకీ చొక్కా విప్పి బనీనుతో గుంతలో దిగాడు. ఇంజను వెచ్చచేశాడు, నట్టు విప్పాడు, ఆయిలు కింద పెట్టిన రేకు తొట్టిలోకి దిగింది. అతను కూడా రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. ఆయిలు వాసన వచ్చింది.

నట్టు బిగించి పైకి వచ్చి పంచడం మొదలుపెట్టాడు. మనిషి మనిషికీ, మొండయ్య పోసేదానికన్నా కాస్త ఎక్కువే పోశాడు. పదకొండో మనిషి దగ్గర తొట్టి అయిపోయింది. ఇంకా పన్నెండు మంది ఉన్నారు.

ముందున్న రాయమల్లు తన గొట్టంలోకి తొంగి చూసుకుని, "పోదాం పాండ్రి. అందినోళ్లకు అందింది" అన్నాడు. పక్కవాడు, "మొండన్న అయితే వచ్చే అమాసకు రమ్మనేటోడు" అన్నాడు. మామూలుగానే అన్నాడు. ఆ మాటలో వంకర లేదు.

"ఆగుండ్రి" అన్నాడు లింగమూర్తి.

ఇంజనులో పోయడానికి దొర తెప్పించిన కొత్త డబ్బా గోడవార ఉంది. దాని మూత విప్పి రాయమల్లు గొట్టంలోకి వంచాడు. ఆయిలు సన్నని ధారగా దిగుతుంటే ఎండలో మెరిసింది.

"అబ్బ, తేనె లెక్కున్నది గద" అన్నాడు రాయమల్లు. వాకిలంతా దగ్గరికి జరిగింది. వెంకటికి మొదట్లోనే నల్లది అందింది. దాన్ని పక్కవాడి గొట్టంలో ఒంపేసి మళ్లీ వరసలో నిలబడ్డాడు. "మొండన్న ఎన్నడన్న గిట్ల పోసిండా" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

పదేళ్లుగా ఎదురుచూసిన మాట అది. దాన్ని ఇంకోసారి వినడానికి లింగమూర్తి డబ్బాను ఇంకొంచెం వంచాడు. పన్నెండు గొట్టాలు నిండాయి, ఆ మీద వెంకటిది. అందరూ అతన్ని పేరు పెట్టి పిలిచారు, అన్నా అన్నారు. ఒకడు అతని ఇంటి బండి చక్రం చూసి పెడతానన్నాడు. లింగమూర్తికి ఎడ్లబండే లేదు.

వాకిలి ఖాళీ అయ్యాక మిగిలిన ఆయిలు ఇంజనులో పోశాడు. కొలత పుల్ల దించి తీస్తే, కింది గీతకు వేలెడు కింద, కొసకు మాత్రమే తడి ఉంది. ఇంకో డబ్బా అడగవచ్చు. అడిగితే మొన్న తెచ్చింది ఏమైందంటాడు దొర. నాలుగు రోజుల్లో కరీంనగర్ పోయే పని ఉంది, అక్కడ తానే కొని పోస్తే సరి. నాలుగు రోజులు గడి ముందు నిలబడి ఉండే బండికి ఆయిలెందుకు అనుకున్నాడు.

విదియనాడు తెల్లవారే గడినుంచి పిలుపు వచ్చింది. దొర బిడ్డ ప్రమోదిని కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలి, ధర్మపురికి పోవాలి, ఈరోజు దాటితే మంచిరోజు లేదు. ముందు దొరా, పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని ప్రమోదినీ. వెనక వంటసామాను, నలుగురు పనివాళ్లు. లింగమూర్తి నోరు తెరవబోయి దొర ముఖం చూసి మూసుకున్నాడు.

ధర్మారం దాటిన తర్వాత ఎత్తు దారిలో ఇంజను లోపలినుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. లింగమూర్తి మెల్లగా తోలాడు. చప్పుడు తగ్గలేదు. కాసేపటికి ఇంజను తానే ఆగిపోయింది. కాలిన వాసన గదిలోకి వచ్చింది, పిల్లవాడు ఏడుపందుకున్నాడు. దొర కిందికి దిగి, "మొండిగాణ్ణి పిలిపించు" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. తనను అడగలేదని లింగమూర్తికి ఆ భయంలో కూడా ఒక్క క్షణం మండింది.

బిడ్డనూ పనివాళ్లనూ వచ్చిన బస్సులో ధర్మపురి పంపి, ఎదురు బస్సులో ఊరికి ఒక మనిషిని పంపి, దొర తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. నాలుగు గంటలు. లింగమూర్తి దూరంగా బండి నీడలో నిలబడ్డాడు. మొండయ్య వస్తాడు, పుల్ల తీస్తాడు, చూస్తాడు. ఒక్క మాట చాలు. సీటు పోతుంది, జీతం పోతుంది, ఊళ్లో తలెత్తే వీలు పోతుంది. ఆ ఒక్క మాట అనే హక్కు మొండయ్యకు పదేళ్లుగా ఉంది.

మొండయ్య బస్సు దిగి వచ్చాడు. దొరకు దండం పెట్టి బండి ముందు మూత ఎత్తాడు. పుల్ల తీసి తుడిచి మళ్లీ దించి తీశాడు. పుల్ల పొడిగా ఉంది. లింగమూర్తి వైపు ఒకసారి చూశాడు. బండి కిందికి పాకి ఏదో తడిమి బయటికి వచ్చాడు.

"ఏమైందిరా?"

"తప్పు నాదే దొరా. పోయిన నెల కింది నట్టు నేను అడ్డం ఎక్కిచ్చిన, మరలు తెగినయ్. లింగమూర్తి ఎంత బిగిచ్చినా అది నిలువది. ఆయిలంత తొవ్వల కారిపోయింది."

దొర లేచి చేతికర్రతో మొండయ్య భుజం మీద ఒక్కటి వేశాడు. చట్టాలు మారాయి గాని చేతికర్ర మారలేదు. "రేపటిసంది నా గడి మొకాన కనవడకు" అన్నాడు. మొండయ్య, "అట్లనే దొరా" అని వచ్చిన దారినే నడిచిపోయాడు. నెలలోపే శంకరవ్వనూ సామానునూ తీసుకుని గోదావరి అవతలికి, లక్సెట్టిపేటకు పోయి రోడ్డు పక్క లారీలు బాగుచేసే ఒక షెడ్డులో కుదిరాడని తెలిసింది.

లింగమూర్తి బతికిపోయాడు. ఇంజను కరీంనగర్‌లో విప్పి కొత్త బేరింగులు వేసి తెచ్చారు. తర్వాతి అమాసకు అతను వాకిట్లో గుంత మీద బండి పెట్టుకుని పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. ఒక్క గొట్టం రాలేదు. ఎదురుగా పోతున్న రాయమల్లును పిలిచి అడిగాడు.

"మనసు రాలేదన్నా. పాపం మొండన్న, పదేండ్లల్ల ఒక్కనాడు మరిచిండు. ఒక్కనాటికి ఊరిడిసిండు. గా ఆయిలు చూస్తె ఆయన్నే యాదికొస్తడు" అన్నాడు రాయమల్లు.

ఊరంతా అదే మాట. మొండన్న తప్పు ఒప్పుకున్న తీరు, దొర ముందు నిలబడ్డ తీరు, దెబ్బతిన్నా నోరెత్తని తీరు. కల్లు మండువలో, బండ్ల మీద, పొలాల గట్ల మీద చెప్పుకున్నారు. ఆ తప్పు లింగమూర్తిది. అతను చేసిన ఒకే ఒక పెద్ద పని అది, దాన్ని కూడా మొండయ్య తన పేర రాయించుకుపోయాడు. నాది, నేనే చేశాను అని అరవాలని ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అరిస్తే సీటు పోతుంది. అరవకపోతే నిద్ర పోతుంది.

అరవై ఎనిమిది ఎండాకాలం ఒక పెళ్లికి లక్సెట్టిపేట వెళ్లినప్పుడు ఆ షెడ్డుకు పోయాడు. మొండయ్య లారీ కింద ఉన్నాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుని, కూర్చోమని టైరు చూపించాడు. జుట్టు బాగా నెరిసింది. బండి ఎట్లున్నదని అడిగాడు, బాగానే ఉందన్నాడు లింగమూర్తి. ఇద్దరూ చాయ తాగారు. ఆ రోజు తర్వాత వాళ్లు మళ్లీ కలవలేదు.

"ఆనాడు నా తప్పు నీ మీద ఎందుకేసుకున్నవు మొండన్నా?" అని లింగమూర్తి చివరికి అడిగాడు. "నేను అడగలే. నాకు అక్కర కూడ లేకుండె. నువ్వు మంచోనివని ఊరంత అంటాంటే నాకు బువ్వ సగిస్తలేదు."

మొండయ్య ఖాళీ చాయ గ్లాసు కింద పెట్టాడు.

"నీకోసమని ఎవడు చెప్పిండు తమ్మీ" అన్నాడు. "అమాసనాడు పొద్దుగూకంగ వెంకటి తన బండి మా ఇంటి ముంగటనే పెట్టుకొని కందెన పెడుతుండె. ఇరుసు మీద వేలు పెట్టి చూసిన. కొత్త ఆయిలు. నువ్వు ఎంత పంచినవో, ఇంజన్ల ఎంత మిగిలిందో గప్పుడే ఎరుకైంది. నీకు చెప్దామని చెప్పులేసుకున్న. యాడికి పోతున్నవని మా శంకరవ్వ అడిగింది. యాడికి లేదని చెప్పులిడిసి కూసున్న. రెండు దినాలు ఇంట్లనే కూసున్న. ఇంజను ఎప్పుడు కొట్టుకుంటదా, దొర నిన్ను ఎప్పుడు దించుతడా అని చూసుకుంట కూసున్న. పదేండ్లు చేతుల మీద సాదిన బండిని, నువ్వు ఎక్కి కూసుంటున్నవని, కండ్లారంగ కాలనిచ్చిన. ఇప్పుడు నువ్వే చెప్పు తమ్మీ, తప్పు నాదే అని నేను దొరతోని అబద్ధమాడిన్నా?"